బిడారు ఆగిన చోట

దర్శిలో మా ఇంటి అటక మీద ఒక బొంత ఉండేది. అమ్మమ్మ కట్టి విడిచిన నేతచీరెల్ని ఐదారు పొరలుగా పరిచి, అంచు దగ్గర మొదలుపెట్టి లోపలికి చుట్లు చుట్లుగా, వేలెడు ఎడంతో కుట్టిన బొంత. పైపొర ముదురు ఎరుపు. ఎండ తగిలిన పక్క వెలిసి ఇటుకరంగుకు తిరిగింది. మిరపకాయల కల్లం దగ్గర కాపలా పడుకునే రాత్రుళ్లు తాతయ్య దాన్నే పరుచుకునేవాడు. దులిపితే ఆ ఘాటుకు ఇంటిల్లిపాదికీ తుమ్ములొచ్చేవి. శ్లాబు ఇల్లు వేసినప్పుడు అటక ఖాళీ చేస్తూ, వీధిలోకి వచ్చిన స్టీలుసామాన్లవాడికి ఆ బొంతనూ రెండు పాత చీరెలనూ వేసి ఒక బేసిను తీసుకున్నాం. బేరమాడింది నేనే. అప్పటికి నాకు ఇరవై ఏళ్లు.

ఆ తర్వాత చాలా ఏళ్లకు సంచార తెగల నేతల మీద పుస్తకాలు చేతికొచ్చాయి. బలూచీ స్త్రీ తన గుడారంలో పరుచుకోవటానికి నేసుకున్న చిన్న తివాచీ, ఇరాన్‌లో ఖష్ఖాయిలు గుర్రం వీపున వేసే జోడుసంచి, తుర్క్‌మెన్ పెళ్లిలో ఒంటెకు కట్టే అలంకారం. వీటిని లండన్‌లోనూ న్యూయార్క్‌లోనూ గోడకు తగిలించుకునేవాళ్లు వాటిలో ఏం చూస్తున్నారో తెలిశాక ఆ బేసిను సంగతి నన్ను వదల్లేదు. అమ్మకానికని కాకుండా ఇంటి వాడకానికి చేసుకున్న గుడ్డకు సేకర్తల దగ్గర అంత గౌరవం ఎందుకు వచ్చింది? అదే చూపుతో మన నేలను చూస్తే ఏం కనపడుతుంది? ఈ వ్యాసం ఆ రెండు ప్రశ్నల కోసమే.

తివాచీ అనగానే మనకు దర్బారు గుర్తొస్తుంది. ఇరాన్‌లో షా అబ్బాసు కాలపు కార్ఖానాల్లో, మొగలుల కార్ఖానాల్లో ఒకరు గీసిన నమూనా చూసి మరొకరు జీతానికి నేసిన తివాచీలవి. తెగల తివాచీ పుట్టుక వేరు. దాని మగ్గం నేలమీదే పరుచుకుని ఉంటుంది: నాలుగు మేకులు, రెండు కర్రలు. మజిలీ మారాల్సి వస్తే సగం నేసినదాన్ని అలాగే చుట్టి జంతువు మీద వేసుకుని, తర్వాతి మజిలీలో మళ్లీ మేకులు దిగ్గొడతారు. రెండోసారి బిగువు మొదటిసారిలా రాదు. అందుకే చాలా తివాచీలు ఒక కొస వెడల్పుగా, ఇంకో కొస ఇరుకుగా ఉంటాయి. ఉన్నికి రంగు వేసేది కూడా చిన్న పాత్రల్లో, దొరికినంత. ఒక బాన నీలం అయిపోయి రెండో బాన పెడితే ఛాయ మారిపోతుంది. తివాచీ మధ్యలో అడ్డంగా కనిపించే ఆ ఛాయల తేడాను వ్యాపారులు అబ్రాష్ అంటారు. కార్ఖానా సరుకులో ఇది లోపం. తెగల సరుకులో ఇదే సంతకం. పడుగూ పేకా రెండూ ఉన్నివైతే సంచారుల పని అనుకుంటారు. పడుగు పత్తినూలైతే ఊళ్లో, పట్నంలో నేసి ఉంటారని అనుమానిస్తారు.

పత్తినూలు ఊరి గుర్తు అంటే మన ప్రాంతం ఆ లెక్కలో ఎక్కడుంటుందో చెప్పనక్కర్లేదు. దర్శి, పొదిలి, కనిగిరి వైపు గొర్రెల మందలకు కొదవ లేదు. కానీ మనది నెల్లూరు జాతి గొర్రె. దాని ఒంటి మీద ఉండేది పొట్టి వెంట్రుక, ఉన్ని కాదు. మాంసానికి తప్ప నేతకు పనికిరాదు. 13వ శతాబ్దం చివర్లో కాకతీయుల రేవు మోటుపల్లి గురించి చెబుతూ మార్కోపోలో సాలెగూడులాంటి సన్నని బట్టనూ, లోకంలోకెల్లా పెద్ద గొర్రెలనూ ఒక్కచోటే మెచ్చుకున్నాడు. ఆ రెండింటినీ కలిపి చదివితే మన ప్రాంతం స్వభావం తెలుస్తుంది. గొర్రె గొర్రే, బట్ట మాత్రం పత్తిది. ఇక్కడ నేల మీద పరిచేది చాప, జంపఖానా, గోనెపట్టా, లేకపోతే బొంత.

ఉన్ని కావాలంటే పడమరకు నడవాలి. రాయలసీమ కురుబలు, తెలంగాణ కురుమలు దక్కనీ నల్లగొర్రె బొచ్చుతో గొంగళి నేస్తారు. ఆడవాళ్లు వడికిన దారాన్ని పడుగు పోసి, చింతగింజల గంజి పట్టించి, గుంతమగ్గం మీద నేస్తారు. రంగు వేయరు, గొర్రె రంగే గొంగళి రంగు. వానలో తలమీదుగా మడుచుకుంటే గొడుగు, రాత్రికి పడక, పంచాయితీకి ఆసనం, మల్లన్న పూజలో పీఠం. సేకర్తలు దీనివైపు పెద్దగా చూడలేదు. పువ్వు లేదు, పక్షి లేదు, ఎరుపు లేదు, గుచ్చుకుంటుంది అంటారు. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరటమంటే ఇదే. గొంగళి అందమంతా ఆ నేతలో, అంచు దగ్గర నలుపులో తేలే గోధుమరంగు చారలో ఉంది. నా మట్టుకు నాకు తెలుగునాట తెగల తివాచీకి నిజమైన తోబుట్టువు ఇదే. దాని మీదికి వచ్చిన ఆపద కూడా మా వైపు నుంచే వెళ్లింది. మాంసం ధర పెరిగేకొద్దీ దక్కనీ మందల్లోకి నెల్లూరు పొట్టేళ్లు చేరాయి. ఉన్ని తగ్గింది, గొంగళి నేసే ఇళ్లు తగ్గాయి.

సేకర్తల చూపు బలంగా పడింది లంబాడీల మీద. 2016లో చార్లెట్ క్వాన్, టిమ్ మెక్‌లాగ్లిన్ బంజారాల, అంటే లంబాడీల, బట్టల మీద పెద్ద పుస్తకమే తెచ్చారు. బంజారా సంచుల్ని పాశ్చాత్య సేకర్తలు అంతకు ముందునుంచే ఏరి దాచుకుంటున్నారు. నేతకూ కుట్టుకూ తేడా ఉంది కదా, లంబాడీలది సూదిపని కదా అని అడగొచ్చు. నిజమే. కానీ తెగల తివాచీ సేకరణలో అన్నిటికన్నా ఇష్టంగా చూసేది నేలమీద పరిచేదాన్ని కాదు, సంచిని. ఇరాన్ సంచారుల ఉప్పుసంచి నమక్‌దాన్‌ను చూడండి. కింద వెడల్పు, పైన సీసా మెడలా ఇరుకు, మనిషి చెయ్యి పట్టేంత. ఆ మెడ అలంకారానికి పెట్టింది కాదు. పశువు మూతి దూర్చి ఉప్పు నాకేయకుండా పెట్టింది. ఎందుకు అలా ఉందో తెలిసిన క్షణం నుంచి దాని అందం రెట్టింపవుతుంది. సేకర్తను పట్టి లాగే శక్తి అక్కడే ఉందని నా నమ్మకం. ప్రతి మూలకూ ఒక పని ఉన్న వస్తువు అది.

ఉప్పు అంటే లంబాడీల కథే. లవణం అనే మాట నుంచే ఆ పేరు వచ్చిందనే వాదన ఒకటి ఉంది. చినగంజాం వైపు సముద్రతీరపు ఉప్పు లోపలి ఊళ్లకు చేరింది ఎడ్ల వీపుల మీదే. ఎద్దుకు రెండు పక్కలా వేలాడే జంట బస్తాను పెరిక అంటారు. వందల ఎడ్లతో పెరికలు వేసుకుని సాగే గుంపును బిడారు అనేవాళ్లు. వెళ్లేటప్పుడు ఉప్పు, వచ్చేటప్పుడు ధాన్యం. మొగలు సైన్యాలకూ, మైసూరు యుద్ధాల్లో కారన్‌వాలిస్ సైన్యానికీ గింజలు మోసింది వీళ్లే. ముందునడిచే ఎద్దుకు అద్దాలూ గవ్వలూ కుట్టిన ముఖపట్టీ, కొమ్ములకు కుచ్చులు. మనిషికి పెట్టినంత అలంకారం ఎద్దుకూ పెట్టారు. బతుకు దాని వీపు మీద ఉంది మరి.

రైలు వచ్చాక ఆ బిడార్లు ఆగిపోయాయి. 19వ శతాబ్దం రెండో సగంలో పట్టాలు పడ్డ దారులన్నిటా ఎద్దుకు పని పోయింది. తండా ఒకచోట కుదురుకుంది. సరిగ్గా అదే కాలంలో, అదే కారణం మధ్య ఆసియాలోనూ పనిచేసింది. 1881లో రష్యా సైన్యం గియోక్ తెపె కోటను పట్టుకుని తెక్కె తుర్క్‌మెన్లను లొంగదీసుకుంది. ఆ వెనకే కాస్పియన్ ఒడ్డు నుంచి రైలు వచ్చింది. గుడారాల్లోని తివాచీలు, ద్వారతెరలు, సంచులు బజారుకు దిగాయి. ఇరాన్‌లో 1930లలో రెజా షా బలవంతాన సంచారుల్ని ఊళ్లలో కుదురుకునేలా చేశాడు. సేకర్తలు “మంచి కాలపు సరుకు” అని దాచుకునేవి ఎక్కువ భాగం ఇలాంటి విరుపులకు కాస్త ముందువి. బతుకుదారి మూసుకుపోతున్నప్పుడు ఇంట్లోంచి బయటికి వచ్చిన వస్తువులవి. సేకరణ మొదలయ్యేది బిడారు ఆగినచోట. ఈ విషయం గుర్తు పెట్టుకోకుండా పాత తివాచీ అందం గురించి మాట్లాడటం నాకు ఇష్టం ఉండదు.

ఇక పాతదని ఎలా తేలుస్తారు? అందరూ మొదట పట్టుకునేది రంగు. 1856లో లండన్‌లో పెర్కిన్ తారు నుంచి ఊదారంగు తీశాడు. 1868లో జర్మన్ రసాయనవేత్తలు మంజిష్ఠ ఎరుపును ప్రయోగశాలలో చేశారు. 1897లో కృత్రిమ నీలిమందు బజారుకొచ్చింది. తొలినాటి రంగులు కొన్ని ఎండకు నిలవలేదు. అందుకే అనుభవం ఉన్నవాడు తివాచీ పైభాగం చూసి ఊరుకోడు. పోగుల్ని రెండు బొటనవేళ్లతో విడదీసి ముడి మొదలు చూస్తాడు. పైన బూడిదరంగు, అడుగున ఇంకా గాఢమైన గులాబీ కనపడితే అది రసాయనపు రంగు, 1860ల తర్వాతిది. మా కోస్తాకు ఈ కథ పరాయిది కాదు. మచిలీపట్నం, నిజాంపట్నం ఇసకనేలల్లో తవ్వే చిరివేరు ఎరుపు కోసం సముద్రాలు దాటి వర్తకులు వచ్చారు. ప్రయోగశాలలో ఎరుపు పుట్టాక ఆ వేరు తవ్వేవాళ్లకు పని పోయింది.

రంగును మించిన సాక్షి లేదు. కానీ రంగు ఒక్కటే వయసు చెప్పదు. 1981లో టర్కీలో హెరాల్డ్ బోమర్ చొరవతో దోబాగ్ అనే పథకం మొదలై పల్లెటూళ్ల నేతగత్తెలు మళ్లీ చెట్టురంగులకు మారారు. కాబట్టి చెట్టురంగు ఉన్నంత మాత్రాన అది తాతలనాటిది కాదు. మోసగాళ్లకూ దారులు తెలుసు. ఎండలో ఆరబెట్టటం, టీ డికాషన్‌లో ముంచటం, పోగును గొరిగి అరిగినట్టు చేయటం. నిజమైన అరుగుదల మనిషి నడిచినచోట, కూర్చున్నచోట ఉంటుంది. దొంగ అరుగుదల అంతటా సమానంగా ఉంటుంది.

నమూనాల అర్థం దగ్గర మాత్రం సేకర్తల లోకం బాగా దారి తప్పింది. 1989లో పురావస్తు పరిశోధకుడు జేమ్స్ మెలార్ట్, మరో ఇద్దరితో కలిసి ఒక పెద్ద గ్రంథం ప్రకటించాడు. టర్కీలో చతల్‌హుయుక్ అనే నవీన శిలాయుగపు ఊరి గోడల మీద తాను చూసిన బొమ్మలే నేటి అనటోలియా కిలీముల్లో ఉన్నాయనీ, అవి మాతృదేవత రూపాలనీ వాదించాడు. సేకర్తలు పొంగిపోయారు. తమ గోడమీది గుడ్డకు ఎనిమిది వేల ఏళ్ల వంశవృక్షం దొరికింది. మార్లా మాలెట్ లాంటి నేత తెలిసినవాళ్లు మగ్గం దగ్గర నిలబడి ప్రశ్నలు వేశారు: ఈ ఆకారాలు పేక తిరగటంలో సహజంగా పుట్టేవా, ఎక్కడినుంచో తెచ్చినవా? గోడచిత్రాలకు ఫొటోలేవి? మెలార్ట్ చనిపోయాక ఆయన ఇంట్లో దొరికిన కాగితాలు ఆయన కల్పనలకు రుజువులయ్యాయి. నేత తెలియనివాడు చెప్పిన అర్థాన్ని నమ్మకూడదని ఆ గొడవ నాకు నేర్పింది. లంబాడీ కుట్టులో ప్రతి త్రికోణానికీ ఒక రహస్యార్థం చెప్పే దుకాణాలు ఇప్పుడు మన పట్నాల్లోనూ ఉన్నాయి. తండాలో అడిగితే కుట్టు పేరు చెబుతారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెబుతారు. కిలన్, వేలే, మాకి. ఇంకా కావాలంటే చేసి చూపిస్తారు.

సంచార తెగల పక్కన పట్నపు తివాచీల్ని కూడా చూడక తప్పదు. ఎందుకంటే మనవాళ్లు పోగొట్టుకున్నదీ ఇంకొకరు దాచిపెట్టిందీ అక్కడ కళ్లకు కట్టినట్టు కనపడుతుంది. ఏలూరు తంగెళ్లమూడి తివాచీలకు మూలం పారశీక నేతగాళ్లని చెబుతారు. కానీ వాటి నమూనాల్లో రామచంద్రఖాని, గోపాలరావుఖాని అనే పేర్లున్నాయి. ఎంత ఇష్టంగా తమవి చేసుకున్నారో ఆ పేర్లు చెబుతాయి. 1851 లండన్ మహాప్రదర్శనలో వరంగల్ పట్టుతివాచీ చూసి జనం విస్తుపోయారు. 1880లో జార్జ్ బర్డ్‌వుడ్ భారతీయ కళల మీద రాసిన పుస్తకంలో, ఐరోపా గిరాకీ వల్ల మచిలీపట్నం తివాచీలు చెడిపోయాయని బాధపడ్డాడు. వరంగల్ కొత్తవాడలో పని జంపఖానాల వైపు మళ్లింది. 2018లో ఆ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మరి మన దక్కన్‌లో నేసిన పాత తివాచీలు ఎక్కడున్నాయి? కొన్ని జపాన్‌లో, క్యోతో నగరంలో. ఏటా జులైలో జరిగే గియోన్ ఉత్సవంలో ఊరేగే రథాల పక్కలకు వేలాడదీసే తివాచీల్లో దక్కన్ నుంచి వెళ్లినవి ఉన్నాయి. డచ్చి ఈస్టిండియా కంపెనీ నౌకలు మోసుకెళ్లినవి, 17, 18 శతాబ్దాలవి. ఒక్కో రథాన్ని ఒక్కో పేట చూసుకుంటుంది. ఆ పేటవాళ్లే తరతరాలుగా తివాచీని మడతపెట్టి, పెట్టెలో పెట్టి, మళ్లీ జులైలో తీస్తున్నారు. చాలాకాలం వాటిని పారశీకం అనుకున్నారు. 1997లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో భారతీయ తివాచీల ప్రదర్శన చేసిన డేనియల్ వాకర్, ఆ తర్వాత యుమికో కమాడా లాంటి పరిశోధకులు వాటి దక్కన్ పుట్టుకను వివరించారు. నాకు తెలిసిన సేకర్తలందరిలో ఆ పేటవాళ్లే గొప్పవాళ్లు. వాళ్లు గోడకు తగిలించి ఆపేయలేదు. ఏడాదికోసారి వీధిలోకి తెస్తున్నారు.

ధర సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. 2013లో ఒక పారశీక తివాచీ వేలంలో 3.37 కోట్ల డాలర్లకు పోయింది. అది దర్బారు సరుకు. తెగల తివాచీలు అంత దూరం వెళ్లవు. జీతగాళ్లూ, బడిపంతుళ్లూ, దేశాలు తిరిగే కుర్రాళ్లూ కొనుక్కున్న కాలం ఉంది. 1960, 70లలో ఇస్తాంబుల్ నుంచి ఖాట్మండు దాకా రోడ్డుదారిన తిరిగినవాళ్లు పశ్చిమంలో ఈ అభిరుచిని పెంచారు. 1976లో లండన్‌లో తివాచీల మీద అంతర్జాతీయ సదస్సు మొదలైంది. 1978లో హాలీ పత్రిక వచ్చింది. 1979 తర్వాత అఫ్గాన్ యుద్ధం ఇళ్లలోని నేతల్ని శరణార్థుల మూటల్లో బజారుకు తోసింది. అప్పుడే బలూచీ నేతల్లోకి ట్యాంకులూ హెలికాప్టర్లూ వచ్చాయి. నియమం తప్పిందని ముక్కు విరిచిన సేకర్తలున్నారు. నేను వాళ్లతో ఏకీభవించను. చూసినదాన్ని నేయటం బలూచీ స్త్రీకి ఎప్పుడూ ఉన్న హక్కే. అలాగే లంబాడీ కాంచ్లి మీద నాణేల పక్కన ప్లాస్టిక్ గుండీ కనపడితే పాతదనం చెడిందని పక్కన పెట్టేవాళ్లను చూశాను. చెడలేదు. ఆ రవిక అప్పటిదాకా ఒంటి మీదే ఉందని ఆ గుండీ చెబుతోంది.

నాకు కోపం వచ్చేది కత్తెర దగ్గర. లంబాడీ పావడాను పేట్యా అంటారు; పాత పేట్యా చుట్టుకొలత చాలా పెద్దది. కుచ్చెళ్లన్నీ విప్పితే మీటర్ల కొద్దీ బట్ట. దాన్ని ముక్కలు చేసి దిండుగలీబులు, భుజానికి వేసుకునే సంచులు కుట్టి “పాత బంజారా పని” అని అమ్ముతారు. పదిహేనేళ్ల పిల్ల పెళ్లికి ముందు ఏళ్ల తరబడి కుట్టుకున్న పావడా పది ముక్కలై పదిచోట్లకు పోతుంది. ఏ తండాదో, ఎవరు కుట్టారో, ఏ వైపు నడుముకు కట్టారో ఆ ముక్కలో ఏమీ మిగలదు. 1972 పురావస్తు చట్టం వందేళ్లు దాటిన వస్తువును ప్రైవేటువాళ్లు దేశం దాటించకూడదంటుంది. మంచి చట్టమే. కానీ తండా గుమ్మంలో ముక్కలయ్యే పావడాకు వయసు కట్టేవాళ్లు ఎవరున్నారు? దానికి కాగితం లేదు, తేదీ లేదు. కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు తెచ్చి, అక్కడి స్త్రీలకు కొత్త పని ఇచ్చారు. కొత్త కుట్టుకు గిరాకీ ఉంటే పాతదాని మీద కత్తెర పడటం తగ్గుతుంది. కొనేవాళ్లను నేను కోరేది ఒక్కటే. డబ్బు చేతిలో పెట్టేటప్పుడు కుట్టిన మనిషి పేరు, తండా పేరు అడిగి ఒక చీటీ మీద రాసుకుని ఆ గుడ్డలోనే దాచండి. పెద్ద పెద్ద మ్యూజియాల్లో తెగల తివాచీల కింద దేశం పేరు, తెగ పేరు, శతాబ్దం ఉంటాయి. నేసినామె పేరుండే చోటు ఖాళీ.

పోయిన చలికాలం మార్కాపురం దాటి నల్లమల వైపు ఒక తండాకు వెళ్లాను. పత్తి ఏరి వచ్చిన ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని ఉన్నారు. అందరూ చీరెల్లోనే ఉన్నారు. పాత వేషంలో ఉన్నది ఒక్క ముసలామె. నేను అడిగినదాన్ని విని లోపలికి వెళ్లి ట్రంకుపెట్టెలోంచి ఒక సంచి తెచ్చింది. చదరపు గుడ్డ మూడు మూలలు మడిచి కవరులా కుట్టినది. నేల పాత నీలం, మీద పసుపూ ఎరుపూ గీతలు ఎంత దట్టంగా అంటే నీలం సందుల్లోంచి మాత్రమే కనపడుతోంది. తిరగేసి చూశాను. ఒక్క దారపు కొసా బయటికి వేలాడటం లేదు. కానీ సగం దాకా కుట్టు గట్టిగా, నువ్వుగింజల వరసలా ఉంది. మిగతా సగం వదులుగా, కాస్త పొడుగు పోట్లతో ఉంది.

“ఇది ఇద్దరు కుట్టినట్టుంది అవ్వా,” అన్నాను.

“ముందుది మా యాడి, మా అమ్మ కుట్టింది నాయనా. కళ్లు కనపడక ఆపింది. తర్వాతది నాది,” అంది. గట్టిగా ఉన్న సగాన్ని వేలితో తడిమి చూపించింది.

హైదరాబాదు నుంచి ఎవరో వచ్చి అడిగారట, ఇవ్వలేదట. ఎందుకివ్వలేదని నేను అడగలేదు. అంచున గవ్వలు వరసగా ఉన్నాయి, లెక్కపెట్టాను. పదకొండు గవ్వలు, పన్నెండోచోట ఒక తెల్ల చొక్కా గుండీ. దాన్ని బిగించిన దారం కొత్తది, బడి యూనిఫారం కుట్టే నీలిదారం.

ఇదెవరు కుట్టారని అడిగాను. ముసలామె నవ్వి, అరుగు చివర లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని మమ్మల్నే చూస్తున్న మనవరాలి వైపు తల ఊపింది.